మూడు పొరల గోతాం: మొక్కజొన్న నిలుస్తుంది, మరి పిల్లల గిన్నె సంగతి?

ముందు సరుకేంటో చెప్పేస్తాను. టాంజానియాలో రైతులు మొక్కజొన్న దాచుకోడానికి వాడే, గాలి చొరబడని మూడు పొరల సంచి ఇది. వంద కిలోలు పడుతుంది. బయట మామూలు ప్లాస్టిక్ గోతాం, లోపల ఒకదానిలో ఒకటిగా రెండు మందపాటి పాలిథీన్ సంచులు. 1980ల చివర్లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ళు కామెరూన్‌లో అలసందల కోసం మొదలుపెట్టిన పద్ధతి. పిక్స్ అనే పేరుతో ఆఫ్రికాలో చాలా దేశాలకి పాకింది. ఇప్పుడు వేరే కంపెనీలూ ఇదే పని చేసే సంచులు అమ్ముతున్నాయి. ధర అయిదు వేల షిల్లింగులకి అటూ ఇటూ. మామూలు గోతాం అందులో నాలుగో వంతుకో, అయిదో వంతుకో దొరికేస్తుంది. అంత పోసి కొనాలా అని ఇక్కడ ప్రతి రైతూ అడుగుతాడు. నేను చూసినంతలో జవాబు చెప్తాను.

నేనుండేది కిబైగ్వాలో. డొడోమా ప్రాంతం, కొంగ్వా జిల్లా. దారెస్సలాం నుంచి రాజధాని డొడోమాకి వెళ్ళే హైవే మీద పెద్ద ధాన్యం మార్కెట్ ఉన్న ఊరు. కందులు కొని పంపడం నా ఉద్యోగం. మీరు పోపు పెట్టుకునే పప్పులో కొంత ఈ మట్టిలోంచి వచ్చిందే అయ్యుండొచ్చు. మా ఓనరమ్మని ఊరంతా బీబీ అంటారు, నేనూ అదే అంటాను. కూతురు, ముగ్గురు మనవలు, అయిదెకరాల చేను. మొక్కజొన్న మధ్యలో కంది, ఒక పక్క వేరుశనగ, గట్టు వెంట పొద్దుతిరుగుడు. ఆవిడ ధాన్యం గది నా గదికి ఆనుకునే ఉంటుంది కాబట్టి ఈ సంచుల కథ మొత్తం నా కళ్ళ ముందే జరిగింది.

సంచులు రాకముందు ఆ గది ఎలా ఉండేదో చెప్పాలి. జూన్‌లో కోత కోసి, ఎండబెట్టి, ఒలిచి గోతాలకెత్తేవాళ్ళు. అక్టోబరు వచ్చేసరికి గోతాల కింద పిండి రాలేది. నవంబరులో రాత్రి పూట గోతాం పక్కన నిలబడితే లోపల కరకరమని చప్పుడు వినిపించేది. ముక్కపురుగు ఒక్కటే అయితే కొంత నయం. ఇక్కడ దుముజీ అని ఇంకొకటుంది. నల్లగా, గొట్టంలాగా ఉండే చిన్న పురుగు. మధ్య అమెరికా నుంచి వచ్చి 1980 ప్రాంతంలో టబోరా వైపు మొదట పట్టుబడింది. దాని నమిలే జోరు చూసి అక్కడి రైతులు స్కానియా లారీ పేరు పెట్టారు. ఇది గింజని తొలిచి ఊరుకోదు, పిండి చేసి వదుల్తుంది. క్రిస్మస్‌కి తీస్తే గోతాంలో గింజ సగం, బూడిద సగం.

దానికి మందు ఉంది, యాక్టెలిక్ అనీ, షుంబా అనీ పొడి మందులు. గింజకి కలిపి పెట్టుకోవచ్చు, పనిచేస్తాయి కూడా. కానీ కొలత ప్రకారం కలిపేవాళ్ళని నేను పెద్దగా చూడలేదు. పురుగు ఎక్కువ కనిపిస్తే మందూ ఎక్కువ పడుతుంది. ఇంట్లో వేరే తిండి లేకపోతే ఆగాల్సిన గడువు ఎవరికీ గుర్తుండదు. అదే గింజ మరపట్టి, అదే పిండితో చిన్నపిల్లకి ఉజీ కాస్తారు. ఉజీ అంటే మన జావే. పురుగు మందు లేకుండా పిల్లకి జావ పోయగలగడమే ఈ సంచి కొనడానికి నా లెక్కలో మొదటి కారణం. ధర లాభం ఆ తర్వాత.

సంచి పనిచేసే తీరు తెలిస్తే అమ్మేవాడు చెప్పేవాటిలో ఏది నిజమో, ఏది కబురో మీకే తెలిసిపోతుంది. మూతి బిగించి కట్టాక లోపలున్న పురుగులే లోపలి ఆక్సిజన్ వాడేసుకుంటాయి. ఆక్సిజన్ పడిపోగానే తినడం మానేస్తాయి. వాటికి నీళ్ళు బయటి నుంచి రావు, తిన్న తిండిని ఒంట్లో మార్చుకునేటప్పుడే పుట్టాలి. తిండి ఆగితే నీళ్ళూ ఆగుతాయి. అంటే చివరికి దాహంతో చస్తాయన్నమాట. మందు లేదు, పొగ లేదు. బీబీ సంచి ఫిబ్రవరిలో విప్పితే అడుగున కాసిని చచ్చిన పురుగులు, పైనంతా జూన్‌లో పోసినప్పటి గింజే. పిండికి పాత వాసన లేదు, ఉగాలిలో (అంటే మొక్కజొన్న పిండి ముద్దలో) ఆ చేదు లేదు. ఈ విషయంలో సంచికి నూటికి నూరు.

ఇప్పుడు చిక్కులు. మొదటిది తేమ. గింజలో తేమ పదమూడు శాతం చుట్టుపక్కలకి దిగాకే పొయ్యాలి. తడి గింజ పోసి గాలాడకుండా కడితే పురుగు చస్తుంది గానీ గింజ ముక్కిపోతుంది. మా దగ్గర కందుల కోసం మీటర్ ఉంది కాబట్టి బీబీకి ఇబ్బంది లేకపోయింది. మీటర్ లేనివాళ్ళు పొడి సీసాలో గింజలు, పొడి ఉప్పు వేసి గిలకొట్టి కాసేపు ఆగి చూస్తారు. ఉప్పు సీసా గోడకి అంటుకుంటే ఇంకా తడి ఉన్నట్టు. అంటుకోకపోయినా ఇంకో రెండు రోజులు ఎండబెట్టమనే నేను చెప్తాను. ఎందుకంటే ఆ పరీక్ష పట్టుకునేది పదిహేను శాతం దాకానే. ఈ డొడోమా నేలకి ఒక అదృష్టం ఉంది. ఇక్కడ వాన ఒక్క కారే, డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా. కోతలప్పుడు ఆకాశంలో మబ్బు తునక కూడా ఉండదు, పొడి గాలి ఈడ్చి కొడుతుంది. ఏడాదికి రెండు వానాకాలాలు వచ్చే పశ్చిమ కెన్యాలోనో, ఉగాండాలోనో ఉన్నవాళ్ళు ఈ రివ్యూ చదివి సంచి కొనేముందు టార్పాలిన్ కొనుక్కోవాలి.

రెండోది కట్టడం. చూడ్డానికి సులువు, చేస్తే తెలుస్తుంది. లోపలి సంచి మూతి మెలిపెట్టి, మడిచి, తాడుతో బిగించాలి. తర్వాత రెండోది అలాగే, చివరికి పైగోతాం. మెలి తిప్పడానికి మూతి దగ్గర మూరెడు ఖాళీ వదలాలి. ఇదే మా వ్యాపారులకి నచ్చని సంగతి. ఇక్కడ లుంబేసా అని ఒక దందా ఉంది. గోతాం నిండాక పైన ఇంకో గోతాం ముక్క కుట్టి, గోపురంలా గింజ పోయించుకుని, ఒక గోతాం కిందే లెక్క కడతారు. తూనికల కొలతల శాఖ వాళ్ళు వద్దంటూనే ఉంటారు, అది జరుగుతూనే ఉంటుంది. మూడు పొరల సంచికి గోపురం కట్టడం కుదరదు. కాటా పెట్టి తూచాల్సిందే. సంచి కనిపెట్టినవాళ్ళు ఇది ఊహించి ఉండరు గానీ, రైతుకి ఇది ఉచితంగా వచ్చిన మేలు. అయితే సంచికి మాత్రం డబ్బులివ్వం. మా గోతాల్లోకి గింజ ఒంపుకుని ఖాళీ సంచి రైతుకే ఇచ్చేస్తాం. అదీ మంచిదే, చిరగకపోతే మరో రెండు మూడు పంటలకి వస్తుంది.

చిరగకపోతే అన్నాను. ఎలకలకి ఈ సంచంటే భయమేమీ లేదు. గోడకి ఆనించి పెడితే వారంలో కన్నం పడుతుంది. చెక్కల మీద, గోడకి దూరంగా పెట్టి, కింద ఒలికిన గింజ ఊడ్చేస్తూ ఉండాలి. దుముజీ కూడా లోపలి నుంచి మొదటి పొరకి సన్న చిల్లులు పెడుతుంది. అందుకే రెండో పొర ఉన్నది. కొనేటప్పుడు లోపలి సంచిలో గాలి నింపి, మూతి పట్టుకుని నొక్కి చూడాలి. ఒక కొట్లో (పేరెందుకు లెండి) అమ్మినవాటిలో రెండు సంచులు అతుకు దగ్గరే గాలి వదిలాయి. మార్చి ఇమ్మంటే "రైతులెవరూ ఇలా ఊది చూడరు" అన్నాడు కొట్టువాడు. వాడి ధైర్యం అదే. ఊది చూడండి.

అసలు కబురు ఇంకోటుంది. కొందరు అమ్మకందార్లు "ఈ సంచిలో పోస్తే బూజు విషం పోతుంది" అని చెప్పేస్తున్నారు. పోదు. బూజు విషమంటే అఫ్లటాక్సిన్. చేలో ఉన్నప్పుడో, నేల మీద ఎండేటప్పుడో బూజు పట్టి, విషం గింజలోకి చేరితే దాన్ని ఏ సంచీ బయటికి లాగదు. పొడి గింజ పోస్తే కొత్తగా పెరక్కుండా ఆపుతుంది, అంతవరకే. ఈ మాట ఇక్కడ గట్టిగా చెప్పడానికి కారణముంది. 2016లో డొడోమా, మన్యారా ప్రాంతాల్లో ఈ విషం తిని 68 మంది జబ్బుపడ్డారు, దాదాపు 20 మంది పోయారు. అంతకు ముందు 2004లో కెన్యా తూర్పు జిల్లాల్లో 317 మంది జబ్బుపడితే 125 మంది చనిపోయారు. రెండు చోట్లా ఇంట్లో దాచుకున్న మొక్కజొన్నే. ఇది పైకి కనిపించిన ముప్పు. కొంచెం కొంచెంగా రోజూ లోపలికి పోతే పిల్లల ఎదుగుదల మీద ఎంత దెబ్బ పడుతుందన్నది శాస్త్రవేత్తలు ఇంకా తేలుస్తూనే ఉన్నారు.

బీబీ ఇంట్లో బూజు గింజ ఏరి పక్కన పెడతారు. కోతలప్పుడు అది కోళ్ళకి. జనవరిలో, డబ్బా అడుగు కనిపించినప్పుడు, ఆ పక్కన పెట్టిన గింజే మళ్ళీ చేటలోకి రావడం ఈ ఊళ్ళో చాలా ఇళ్ళలో చూశాను. పేదరికం అంటే నాకు ఇక్కడ కనిపించిన రూపం అది. ఏది తినకూడదో వాళ్ళకి బాగా తెలుసు, తినకుండా ఉండే వీలు ఏడాదిలో కొన్ని నెలలే ఉంటుంది. సంచి చేసే పెద్ద మేలు ఇక్కడే ఉంది. జనవరిలో మంచి గింజ మిగిలి ఉంటే చెడ్డ గింజ కోళ్ళ దగ్గరే ఆగిపోతుంది.

ఈ మాటకి లెక్క కూడా ఉంది. ఇదే డొడోమాలోని కొండోవా జిల్లాలో, పక్కన మొరొగోరో ప్రాంతంలోని కిలోసా జిల్లాలో వెయ్యి మందికి పైగా రైతులతో ఒక పరీక్ష చేశారు. చీటీ వేసినట్టు కొన్ని గుంపులకి సంచులిచ్చి, శిక్షణ ఇచ్చి, మిగతావాళ్ళతో పోల్చారు. కరువు నెలల్లో తీవ్రంగా తిండి చాలని కుటుంబాలు 38 శాతం తగ్గాయని 2021లో అచ్చయిన ఆ అధ్యయనం చెప్పింది. నా కళ్ళతో చూసినదానికి ఇది సరిపోతుంది.

ధర సంగతి. కోతల్లో గోతాం యాభై వేల షిల్లింగుల దగ్గర అమ్ముడుపోయిన ఏడాది ఫిబ్రవరికి దాదాపు రెట్టింపయింది. అయిదు వేల సంచి ఒక్కసారికే గిట్టుబాటయినట్టు కాగితం మీద కనిపిస్తుంది. కానీ కోతల్లో అమ్మేది తెలివి తక్కువై కాదు. విత్తనానికీ, ట్రాక్టరుకీ తెచ్చిన అప్పు జూన్‌లోనే తీర్చాలి. 2016 నుంచి ప్రభుత్వ బళ్ళలో ఫీజు లేదు గానీ యూనిఫాం, పుస్తకాలు, బడి మధ్యాహ్న భోజనానికి తలా ఇన్ని మొక్కజొన్నలు, బీన్సు, ఇవన్నీ ఉన్నాయి. ఒంట్లో బాగాలేకపోతే గోతామే ఏటీఎం. ఆపుకోగలిగినవాళ్ళకే సంచితో ధర లాభం. బీబీ ఆపుకోగలిగింది, ఎందుకంటే ఆడవాళ్ళ వికోబా గుంపులో (మన పొదుపు సంఘం లాంటిదే) చిన్న అప్పు దొరికింది. ఆ గుంపు లేకపోతే సంచులు ఖాళీగానే ఉండేవి.

ఆపుకున్నా గ్యారంటీ లేదన్నది నా వృత్తి నేర్పిన పాఠం. 2017లో టాంజానియా ప్రభుత్వం మొక్కజొన్న ఎగుమతి ఆపేసింది. అదే ఏడాది ఆగస్టులో భారత ప్రభుత్వం కంది దిగుమతికి రెండు లక్షల టన్నుల పరిమితి పెట్టింది. కంది ధర ఇక్కడ పాతాళానికి పోయింది. మొక్కజొన్న సాళ్ళ మధ్య కంది వేసిన రైతుకి ఒకే చేలో రెండు పంటలూ ఒకేసారి కూలాయి. డొడోమాలో ఒకరు, ఢిల్లీలో ఒకరు సంతకం పెడితే సంచి ఏం చేస్తుంది? ఈ కొంగ్వాకి పైనుంచి వచ్చే పథకాలు కొత్త కూడా కాదు. బ్రిటిష్ వాళ్ళు 1947లో ఇక్కడే వేరుశనగ సముద్రం చేస్తామని ట్రాక్టర్లు దించి, నేల గట్టిదనం, వాన తీరు చూసుకోక 1951కల్లా చేతులెత్తేశారు. కోట్ల పౌండ్లు మట్టిలో కలిశాయి. దానితో చూస్తే అయిదు వేల షిల్లింగుల సంచి ఎంతో వినయమైన ఆలోచన.

ఇక పిల్లల గిన్నె. సంచి ప్రచారంలో బొద్దుగా నవ్వే పిల్ల బొమ్మ ఉంటుంది. నాకు దానితో పేచీ ఉంది. బీబీ చిన్న మనవరాలికి రెండేళ్ళు దాటాయి. నెలనెలా క్లినిక్‌లో తూచి కార్డు మీద చుక్క పెడతారు. సంచులున్న ఏడాది ఫిబ్రవరిలో ఆ గీత కిందికి వాలలేదు. ముందటి ఏడు అదే నెలలో వాలింది. ఇది చిన్న విషయం కాదు. కానీ పిల్ల పొట్టిగానే ఉంది, ఈడు పిల్లలందరి కంటే. మొక్కజొన్న కడుపు నింపుతుంది, ఎత్తు పెంచాలంటే ఇంకా చాలా కావాలి. టాంజానియాలో మొక్కజొన్న బాగా పండే ఇరింగాలో 2022 సర్వే ప్రకారం అయిదేళ్ళ లోపు పిల్లల్లో సగానికి పైగా వయసుకు తగ్గ ఎత్తు లేరు. దేశం మొత్తం మీద అది 30 శాతం. గాదె నిండిన చోటే పిల్లలు ఎదగలేదంటే గాదెలో ఒకటే గింజ ఉన్నట్టే కదా.

ఈ ఇంటి చేలో ఏం పండుతుందో పైన చెప్పాను. వేరుశనగ, కంది, పొద్దుతిరుగుడు, పెరట్లో కోళ్ళు. పిల్లకి కావలసినవన్నీ ఉన్నాయి. అన్నీ అమ్మకానికే. గుడ్లు అమ్మితే నోటుపుస్తకాలు, పొద్దుతిరుగుడు అమ్మితే అప్పు. కంది నాకు. పచ్చికాయలున్నప్పుడు పిల్లలు ఉడకబెట్టుకు తింటారు, ఎండాక ఒక్క గింజ కూడా ఇంట్లో ఉండదు. ఎందుకుంచవని అడిగితే బీబీ తేల్చేసింది: "ఉంచితే పురుగు తింటుంది, అమ్మితే నువ్వు తింటావు. నువ్వు కనీసం డబ్బులిస్తావు."

కంది పురుగుకీ ఈ సంచి మందే. అసలు పుట్టిందే అలసంద పురుగు కోసం. అయినా ఊళ్ళో దీన్ని మొక్కజొన్న సంచిగానే అమ్ముతున్నారు. 50 కిలోలవి కూడా తయారవుతాయి గానీ కిబైగ్వా కొట్లలో అడిగితే వందవే చూపిస్తారు. ఇంటి కోసం కంది దాచుకునేవాళ్ళకి వంద కిలోల సంచి ఎందుకు? చిన్నవి తెచ్చి, కందికీ బీన్సుకీ వాడమని చెప్పే అమ్మకందారు ఒక్కడున్నా ఈ సరుకు పిల్లల గిన్నె దాకా వెళ్తుంది. వేరుశనగకి మాత్రం జాగ్రత్త. బూజు విషం దానికి మొక్కజొన్న కంటే తక్కువేమీ పట్టదు. బాగా ఎండి, ఏరి, నలిగినవి తీసేశాకే పొయ్యాలి.

మర దగ్గర కూడా ఒక ఎంపిక ఉంది. తెల్లగా కావాలని పొట్టు, మొలక తీయించి పట్టించేది సెంబె, మొత్తం కలిపి పట్టించేది డోనా. బలం డోనాలోనే. కానీ పొట్టు తీస్తే అఫ్లటాక్సిన్ చాలావరకు దానితో పోతుంది. గింజ మీద నమ్మకముంటే డోనా, లేకపోతే సెంబె. సంచిలో శుభ్రంగా నిలిచిన గింజ ఇంట్లో ఉంటే పిల్లకి డోనా జావ ధైర్యంగా పోయొచ్చు. బీబీ ఇంకా సెంబె వైపే. తెల్ల ఉగాలి లేకపోతే చుట్టాల ముందు చిన్నతనమట.

ఎవరు కొనాలి? కోతలు అయ్యాక మూడు నాలుగు గోతాలైనా ఇంట్లో మిగిలేవాళ్ళు కళ్ళు మూసుకుని కొనొచ్చు. తిండికి చాలినంత కూడా పండనివాళ్ళకి, అక్టోబరుకే గింజ అయిపోయేవాళ్ళకి ఇది అనవసరం. పురుగు ముదిరేలోపు వాళ్ళ గోతాలు ఎలాగూ ఖాళీ అవుతాయి. ఆ డబ్బుతో నాలుగు కోడిపెట్టల దాణా కొనడం మేలు. బీబీ లాంటి మధ్యస్తు రైతుకి అయిదారు చాలు. ఒకేసారి అన్నీ విప్పకుండా ఒకటి అయ్యాక ఒకటి విప్పుకోవాలి. తనకి తెలియకుండా ఇంట్లో ఎవరైనా విప్పితే పట్టుకోడానికి బీబీ తన ముడి తనే వేస్తుంది. అల్లుడు ఆ ముడి విప్పగలడు, మళ్ళీ అలా వేయలేడు. ఇది కంపెనీ వాళ్ళు రాయని సదుపాయం.

ఒక్క విషయం మాత్రం మారాలి. సంచి కొనాల్సింది జూన్, జులైలో. రైతు చేతిలో నగదు అస్సలు లేని రోజులవి. కొట్లు నగదే అడుగుతాయి. గింజతో కొనే వీలుంటే, ఒక దెబె (కొలత డబ్బా) మొక్కజొన్నకి ఇన్ని సంచులని ఇస్తే, ఇప్పుడమ్ముడయ్యేవాటికి రెండింతలు పోతాయి. వికోబా గుంపులు మే నెలలోనే కలిసి మొత్తంగా తెప్పించుకుంటే కొంత తగ్గింపు కూడా వస్తుంది. జులై దాటితే కిబైగ్వాలో మంచివి దొరకవు, మిగిలేవి అతుకు దగ్గర గాలి వదిలేవే.